3 నుంచి 40 వోల్టుల దాకా: బండిలో బూస్ట్ చిప్ పడే పాట్లు

నమస్కారమండీ. ముందు వరసల్లో ఆటో ఎలక్ట్రీషియన్లు, వెనకాల ఇంజనీరింగ్ చదివే పిల్లలు, ఆ పక్కన బోర్డులు డిజైన్ చేసేవాళ్ళు కూర్చున్నారు. ఈ మూడు వర్గాలూ ఒకచోట కలవడం చాలా అరుదు. బండిలో వోల్టేజీ ఎప్పుడు పడిపోతుందో, ఎప్పుడు ఎగురుతుందో ఎలక్ట్రీషియన్‌కి అనుభవంతో తెలుసు. చిప్ లోపల ఏం జరుగుతుందో డిజైనర్‌కి తెలుసు. ఈ ఇద్దరూ మాట్లాడుకోకపోవడం వల్లే చాలా బోర్డులు కాలిపోతున్నాయని నేను గట్టిగా నమ్ముతాను. అందుకే ఈ రోజు ఇద్దరి భాషా కలిపి మాట్లాడతాను.

విషయం బూస్ట్ కన్వర్టర్. తక్కువ వోల్టేజీ తీసుకుని ఎక్కువ వోల్టేజీ ఇచ్చే సర్క్యూట్. కారులో ఇది ముఖ్యంగా రెండు చోట్ల కనిపిస్తుంది. ఒకటి ఎల్ఈడీ హెడ్‌ల్యాంపు. వరసగా కలిపిన ఎల్ఈడీలు వెలగాలంటే బ్యాటరీ ఇచ్చే 12 వోల్టులు చాలవు. రెండోది, బయటికి అంతగా తెలియనిది, ప్రీ-బూస్ట్. సిగ్నల్ దగ్గర ఇంజన్ తనంతట తానే ఆగి, క్లచ్ నొక్కగానే మళ్ళీ స్టార్ట్ అయ్యే బళ్ళు వచ్చాయి కదా. ఇంజన్ స్టార్ట్ అయిన ప్రతిసారీ స్క్రీన్ ఆరిపోయి, పాట ఆగిపోయి, మ్యాప్ మొదటికొస్తే ఎవరూ ఊరుకోరు. సెల్ఫ్ తిరుగుతున్న ఆ కాసేపూ వోల్టేజీని నిలబెట్టడానికి ముందు ఒక బూస్ట్ పెడతారు. ఇవాళ ఎక్కువ సేపు దాని గురించే మాట్లాడతాను, ఎందుకంటే పరిమితుల కష్టమంతా అక్కడే బయటపడుతుంది.

డేటాషీట్, అంటే చిప్ కంపెనీ ఇచ్చే వివరాల పత్రం, తీస్తే మొదటి పేజీలోనే పెద్దగా రాసి ఉంటుంది: ఇన్‌పుట్ 2.9 నుంచి 40 వోల్టులు, లేదా 1.5 నుంచి 42 వోల్టులు. అది చూసి, "బండిలో ఉండేది 12 వోల్టులే కదా, 40 దాకా తట్టుకుంటుందట, ఇంకేం కావాలి" అనుకుంటాం. నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. ఆ అంకె చిప్‌లోని ఒక పిన్నుకి సంబంధించినది. బండి పరీక్ష పెట్టేది పిన్నుకి కాదు, మొత్తం సర్క్యూట్‌కి. అందులోనూ బూస్ట్ సర్క్యూట్‌లో ఇన్‌పుట్‌కీ అవుట్‌పుట్‌కీ మధ్య అడ్డు ఏమీ ఉండదు. ఈ సంగతి తర్వాత వివరంగా చెబుతాను.

ముందు, ఈ 12 వోల్టులు ఎలాంటివో చూద్దాం. లెడ్ యాసిడ్ బ్యాటరీలో ఆరు సెల్స్ ఉంటాయి. పూర్తిగా ఛార్జ్ అయి, కాసేపు విశ్రాంతిగా ఉంటే సుమారు 12.6 వోల్టులు చూపిస్తుంది. ఇంజన్ నడుస్తుంటే డైనమో, అంటే ఆల్టర్నేటర్, దాన్ని 13.8 నుంచి 14.5 మధ్య ఉంచుతుంది. ఇది బండి ఆరోగ్యంగా ఉన్నప్పటి మాట. డిజైన్ చేయాల్సింది మాత్రం మిగతా రోజుల కోసం.

ఆ మిగతా రోజుల్ని అంకెల్లో పెట్టిన ప్రమాణం ఐఎస్ఓ 16750-2. ఇందులో సెల్ఫ్ కొట్టినప్పుడు వోల్టేజీ ఎలా పడుతుందో నాలుగు స్థాయిలుగా ఇచ్చారు. 12 వోల్టుల బండికి అన్నిటికంటే కఠినమైనది మూడో స్థాయి. సెల్ఫ్ మోటారు నిశ్చలంగా ఉన్న స్థితి నుంచి కదలాలి కాబట్టి మొదటి క్షణంలో విపరీతంగా కరెంటు లాగుతుంది. 5 మిల్లీ సెకన్లలో వోల్టేజీ కిందికి జారుతుంది. 15 మిల్లీ సెకన్ల పాటు 3 వోల్టుల దగ్గర ఉంటుంది. తర్వాత 5 వోల్టులకి లేచి, ఇంజన్ తిరుగుతున్నంత సేపూ, సుమారు ఒక సెకను, అక్కడే ఊగుతూ ఉంటుంది. పిస్టన్ ఒక్కోసారి పైకి వచ్చినప్పుడల్లా ఇంకాస్త కరెంటు లాగుతుంది, ఆ ఊగడం దానివల్లే. రెండో స్థాయిలో అడుగు 4.5 వోల్టులే గానీ, 6.5 దగ్గర 10 సెకన్లు నిలబెడతారు. జర్మన్ కార్ల కంపెనీలు కలిసి రాసుకున్న ఎల్‌వీ 124లో కఠినమైన స్టార్ట్ పరీక్ష 3.2 వోల్టుల దాకా దిగుతుంది.

ఇప్పుడు పైకి వెళ్దాం. మొదటిది జంప్ స్టార్ట్. బ్యాటరీ డౌన్ అయిన కారు హైవే పక్కన ఆగింది. అటుగా వచ్చిన లారీ డ్రైవర్ సాయం చేస్తానంటాడు. లారీలో ఉండేది 24 వోల్టులు. మంచి మనసుతో కేబుల్ కలుపుతాడు, కారు స్టార్ట్ అవుతుంది. విజయవాడ ఆటోనగర్ నుంచి వచ్చినవాళ్ళకి ఇది కొత్త కాదు. ప్రమాణం కూడా దీన్ని తప్పుగా చూడదు, జరిగేదే అని ఒప్పుకుంటుంది: 12 వోల్టుల పరికరం 24 వోల్టుల్ని 60 సెకన్లు తట్టుకోవాలి. దీనికి పక్కనే ఇంకో పరీక్ష ఉంది. డైనమోలో రెగ్యులేటర్ పాడైతే ఏమవుతుందనే లెక్కతో 18 వోల్టుల్ని 60 నిమిషాలు ఇస్తారు, అదీ పరికరం వేడిగా ఉన్నప్పుడు. టెర్మినల్స్ తిరగేసి పెట్టినప్పటి కోసం మైనస్ 14 వోల్టులు 60 సెకన్లు.

అన్నిటికంటే పెద్దది లోడ్ డంప్. దీని గురించి కాస్త నిదానంగా చెబుతాను.

బ్యాటరీ బాగా దిగిపోయి ఉంది. ఇంజన్ స్టార్ట్ అయింది. డైనమో తన శక్తి కొద్దీ కరెంటు పోస్తోంది, ఓ 60 ఆంపియర్లు అనుకోండి. బ్యాటరీ టెర్మినల్ మీద తెల్లగా తుప్పు పట్టి, క్లాంపు వదులై ఉంది. రోడ్డు మీద ఒక గుంత. క్లాంపు ఎగిరి ఊడింది. ఇప్పుడు ఆ 60 ఆంపియర్లు ఎక్కడికి పోవాలి? డైనమో రోటర్‌లోని ఫీల్డ్ కాయిల్ కరెంటు ఒక్కసారిగా సున్నా కాదు. రెగ్యులేటర్ ఆపేసినా అది తగ్గడానికి వందల మిల్లీ సెకన్లు పడుతుంది. ఈలోగా వోల్టేజీ ఎగురుతుంది. ఎక్కడా అణచకపోతే 79 నుంచి 101 వోల్టులు అని ప్రమాణం చెబుతోంది. 10 మిల్లీ సెకన్లలో పైకెక్కి, 40 నుంచి 400 మిల్లీ సెకన్ల దాకా సాగుతుంది. ఈ పరీక్ష ఒకప్పుడు ఐఎస్ఓ 7637-2లో ఐదో పల్స్‌గా ఉండేది. 2011 ఎడిషన్‌లో అక్కడి నుంచి తీసేశారు, ఇప్పుడు 16750-2లోనే ఉంది. పాత కాగితాలు చదివేవాళ్ళు ఇది గమనించండి.

ముందు వరసలో ఉన్న అన్నలకి ఇక్కడ ఒక మాట. డైనమో ఛార్జ్ చేస్తోందో లేదో చూడ్డానికి ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ తీసి చూసే అలవాటు మనలో చాలామందికి ఉంది. బండి ఆగకపోతే డైనమో బాగున్నట్టు. ఎలక్ట్రానిక్స్ లేని పాత బళ్ళలో ఆ పద్ధతి నడిచింది. ఇప్పటి బళ్ళలో అది మన చేత్తో మనం లోడ్ డంప్ పెట్టినట్టే. దయచేసి మానేయండి. మల్టీమీటర్ పెట్టి, ఇంజన్ కొంచెం రేజ్ చేస్తే 13.8కి పైన కనిపిస్తుందా లేదా, అంతే చాలు.

ఇప్పటి ఆల్టర్నేటర్లలో చాలావాటికి రెక్టిఫయర్ డయోడ్లే అవలాంచ్ రకం పెడతారు. వోల్టేజీ ఎగరగానే అవి తామే తెరుచుకుని అణచివేస్తాయి. అలాంటి బండికి ప్రమాణం ఇచ్చిన పరిమితి 35 వోల్టులు. చిప్ డేటాషీట్లలో 40, 42 అనే అంకెలు పదేపదే ఎందుకు కనిపిస్తాయో ఇప్పుడు అర్థమై ఉంటుంది. 35కి కొంచెం మార్జిన్ కలిపితే 40. కారుకి పనికొచ్చే చిప్పుల తయారీ పద్ధతులు ఆ గీత చుట్టూనే పెరిగాయి. అంటే ఆ 40లో ఒక నమ్మకం దాగి ఉంది: డైనమో దగ్గర ఎవరో ముందే అణచి ఉంచారన్న నమ్మకం. మీ పరికరం బండితో పాటు కాకుండా విడిగా, ఏ బండికైనా పెట్టుకునేలా అమ్ముడుపోతుంటే ఆ నమ్మకం మీకు లేదు.

ఇక బూస్ట్ దగ్గరికి వద్దాం. బ్యాటరీ నుంచి ఒక కాయిల్. కాయిల్ తర్వాత కిందికి ఒక మాస్‌ఫెట్, అంటే స్విచ్‌లా పనిచేసే ట్రాన్సిస్టర్, ముందుకి ఒక డయోడ్. డయోడ్ తర్వాత కెపాసిటర్, దాని తర్వాత లోడ్. మాస్‌ఫెట్ ఆన్ అయినప్పుడు కాయిల్‌లో శక్తి చేరుతుంది, ఆఫ్ అయినప్పుడు ఆ శక్తి డయోడ్ గుండా అవుట్‌పుట్‌కి వెళ్తుంది. ఇంత చిన్న సర్క్యూట్. ఇప్పుడు మాస్‌ఫెట్‌ని పూర్తిగా ఆపేయండి. ఏం మిగిలింది? కాయిల్, డయోడ్. రెండూ డీసీకి దారి ఇచ్చేవే. చిప్‌ని షట్‌డౌన్ చేసినా బ్యాటరీ వోల్టేజీ తిన్నగా లోడ్ దాకా వెళ్ళిపోతుంది. డయోడ్ బదులు పైన కూడా మాస్‌ఫెట్ పెట్టిన సింక్రనస్ రకంలోనూ ఆ మాస్‌ఫెట్ లోపలే ఉండే బాడీ డయోడ్ ఇదే పని చేస్తుంది. వోల్టేజీని తగ్గించి ఇచ్చే బక్ కన్వర్టర్‌లో ఇలా ఉండదు. అక్కడ స్విచ్ బ్యాటరీ పక్కనే ఉంటుంది, ఆపేస్తే ఆగిపోతుంది.

దీని పర్యవసానం చాలామంది ఊహించరు. ఒక ప్రీ-బూస్ట్ అవుట్‌పుట్‌ని 10 వోల్టులకి సెట్ చేశారనుకోండి. స్కీమాటిక్‌లో, అంటే సర్క్యూట్ బొమ్మలో, ఆ లైను పేరు కూడా "10 వోల్టులు" అనే ఉంటుంది. ఆ పేరు చూసి, అక్కడ 16 వోల్టుల కెపాసిటర్ పెట్టేస్తారు. 10కి 16 చాలదా అని. కానీ ఆ లైను 10 దగ్గర ఉండేది సెల్ఫ్ తిరిగేటప్పుడు మాత్రమే. మిగతా కాలమంతా బ్యాటరీ ఎంతుంటే అదీ అంతే, డయోడ్ డ్రాప్ తీసేస్తే. బండి నడుస్తుంటే 14. జంప్ స్టార్ట్‌లో 24. లోడ్ డంప్‌లో 35. ఆ 16 వోల్టుల కెపాసిటర్ మొదటి జంప్ స్టార్ట్‌కే పగులుతుంది. దాని వెనకాల పెట్టిన 5 వోల్టుల బక్ చిప్ కూడా 40 వోల్టుల రకమే అయి ఉండాలి, "ముందు బూస్ట్ ఉంది కదా, ఇది 28 వోల్టుల చిప్ అయినా పర్లేదు" అనుకోకూడదు. పిల్లలు ఇది రాసుకోండి: బూస్ట్ అవుట్‌పుట్ లైను కనీస వోల్టేజీ సెట్ పాయింట్, గరిష్ఠ వోల్టేజీ బ్యాటరీ గరిష్ఠం.

ఎల్ఈడీ ల్యాంపులో ఇదే సంగతి ఇంకో రూపంలో వస్తుంది. ఒక్కో తెల్ల ఎల్ఈడీకి సుమారు 3 వోల్టులు. 14 ఎల్ఈడీలు వరసగా ఉంటే 42 వోల్టులు. 35 వోల్టుల లోడ్ డంప్ వచ్చినా అంతకంటే తక్కువే, కరెంటు అదుపు తప్పదు. అదే 8 ఎల్ఈడీలైతే 24 వోల్టులు. 35 రాగానే బ్యాటరీ నుంచి కాయిల్, డయోడ్, ఎల్ఈడీల గుండా కరెంటు తన ఇష్టం వచ్చినట్టు పోతుంది. చిప్ తన పని ఆపేసి చూస్తూ ఉండాల్సిందే, దాని చేతిలో ఏమీ లేదు. చిప్ మాత్రం బతికే ఉంటుంది, డేటాషీట్ మాట నిలబెట్టుకున్నట్టే. కాలిపోయేది ల్యాంపు. ఇలాంటి చోట అవుట్‌పుట్‌లో వరసగా తెంచే మాస్‌ఫెట్ ఒకటి పెట్టాలి, లేదా వోల్టేజీని పెంచనూ తగ్గించనూ గలిగే సెపిక్ అనే కన్వర్టర్ రకానికి మారాలి. సెపిక్‌లో మధ్యలో కెపాసిటర్ ఉంటుంది కాబట్టి డీసీ దాటదు. ఎల్‌టీ3757, ఎల్ఎమ్3481 లాంటి కంట్రోలర్లతో రెండు రకాలూ కట్టొచ్చు. అయితే సెపిక్‌లో స్విచ్ మీద పడేది ఇన్‌పుట్, అవుట్‌పుట్ రెండూ కలిపిన వోల్టేజీ. 35, 24 కలిపితే 59. అక్కడ 60 వోల్టుల మాస్‌ఫెట్ చాలదు, 100 వోల్టులది కావాలి.

ఇక కింది వైపు. నా ఉద్దేశంలో పై వైపు కంటే కింది వైపే ఎక్కువ బోర్డుల్ని ఓడిస్తోంది. పైన ఓడితే పొగ వస్తుంది కాబట్టి కనిపిస్తుంది. కింద ఓడితే స్క్రీన్ ఒక్కసారి రీసెట్ అయి ఊరుకుంటుంది, సాఫ్ట్‌వేర్ తప్పు అని దాని మీద నెట్టేస్తారు.

లెక్క చూద్దాం. అవుట్‌పుట్ 10 వోల్టులు, 4 ఆంపియర్లు, అంటే 40 వాట్లు. సామర్థ్యం 85 శాతం అనుకుంటే లోపలికి 47 వాట్లు కావాలి. బ్యాటరీ 6 వోల్టుల దగ్గర ఉంటే 8 ఆంపియర్లు. 3 వోల్టుల దగ్గర 16 ఆంపియర్లు. కాయిల్ కరెంటు ఊగుడు కలిపితే 17. ఇప్పుడు టెర్మినల్స్ తిరగేసి పెట్టినా బోర్డు బతకాలని ముందు ఒక షాట్కీ డయోడ్ పెట్టారు, అది సగం వోల్టు తింటుంది. మిగిలింది 2.5 వోల్టులు. కరెంటు 19కి చేరింది. వైరింగు, ఫ్యూజు, ఫిల్టర్ కాయిల్ కలిపి 20 మిల్లీ ఓములు ఉన్నా ఇంకో 0.4 వోల్టు పోతుంది. ఇలా కిందికి జారేకొద్దీ కరెంటు పెరుగుతుంది, కరెంటు పెరిగేకొద్దీ వోల్టేజీ ఇంకా జారుతుంది. 6 వోల్టుల దగ్గర లెక్క వేసి 10 ఆంపియర్ల కాయిల్ ఎంచుకుంటే, 3 వోల్టుల దగ్గర అది శాచురేట్ అవుతుంది, అంటే కరెంటుని అడ్డుకునే గుణం పోతుంది. చిప్ కరెంటు లిమిట్ కొట్టి తనని తాను కాపాడుకుంటుంది. అవుట్‌పుట్ కూలిపోతుంది. ఇక్కడ కూడా చిప్ తన పరిమితిలోనే ఉంది, గమనించండి.

అందుకే ముందు షాట్కీ పెట్టడం నాకు నచ్చదు. ఎన్-చానల్ మాస్‌ఫెట్‌ని డయోడ్‌లా నడిపే ఐడియల్ డయోడ్ కంట్రోలర్లు వచ్చాయి. ఎల్ఎమ్74700-క్యూ1 అలాంటిదే, 3.2 నుంచి 65 వోల్టుల దాకా పనిచేస్తుంది, రివర్స్‌లో మైనస్ 65 తట్టుకుంటుంది. డ్రాప్ పదుల మిల్లీ వోల్టుల్లో ఉంటుంది. ఖర్చు పెరుగుతుంది, నిజమే. ఆ 19 ఆంపియర్ల దగ్గర షాట్కీలో కాలిపోయే 9 వాట్ల సంగతి కూడా చూడండి మరి.

ఇప్పుడు చిప్ కనీస వోల్టేజీ. ఇందులో రెండు అంకెలుంటాయి, ఒకటే చదివితే మోసపోతాం. ఎల్‌టీసీ3786 డేటాషీట్ చూడండి: 4.5 నుంచి 38 వోల్టులు, స్టార్ట్ అయ్యాక 2.5 దాకా నడుస్తుంది. స్టార్ట్ అవడానికి ఒక గీత, నడవడానికి ఇంకో గీత. ఇది ఎలా సాధ్యమంటే, చిప్ తన సొంత సప్లైని బ్యాటరీ నుంచి కాకుండా తను తయారుచేసిన అవుట్‌పుట్ నుంచి తీసుకుంటుంది. దీనికి ఇంకో పెద్ద కారణం కూడా ఉంది. మాస్‌ఫెట్ గేటుకి, అంటే దాన్ని తెరిచే పిన్నుకి, 5 వోల్టులో, అంతకంటే ఎక్కువో ఇస్తేనే అది పూర్తిగా తెరుచుకుంటుంది. బ్యాటరీ 3 వోల్టులున్నప్పుడు గేటుకి 3 వోల్టులే ఇస్తే మాస్‌ఫెట్ సగం తెరుచుకుని, సరిగ్గా ఎక్కువ కరెంటు మోయాల్సిన క్షణంలో వేడెక్కుతుంది. అవుట్‌పుట్‌లో 10 వోల్టులు నిలిచి ఉంటే గేటుకి కొరత లేదు. ఎల్ఎమ్5150-క్యూ1 ఈ పని కోసమే చేసిన చిప్. ఇన్‌పుట్ 1.5 నుంచి 42 వోల్టులని రాస్తారు, కానీ అవుట్‌పుట్ కనీసం 5 వోల్టులు ఉండాలనే షరతు దాని పక్కనే ఉంటుంది. ఆ షరతు చదవకుండా 1.5ని మాత్రమే చదివేవాళ్ళే ఎక్కువ.

దీని వల్ల ఏమవుతుందంటే, సెల్ఫ్ తిరిగే మధ్యలో అవుట్‌పుట్ ఒక్కసారి కూలిందా, చిప్ సప్లై పోతుంది. తిరిగి స్టార్ట్ అవ్వాలంటే 4.5 వోల్టులు కావాలి, బ్యాటరీ అప్పుడు 3 దగ్గరుంది. ఇక బ్యాటరీ కోలుకునే దాకా చిప్ లేవదు. కాబట్టి చిన్న అవుట్‌పుట్ కెపాసిటర్‌తో సరిపెట్టుకోవడం, లోడ్ కరెంటుని అంచనా కంటే తక్కువ వేసుకోవడం, ఇవి ఇక్కడ కొంచెం నష్టంతో పోయే తప్పులు కావు.

ఎల్ఈడీల కోసం ఎక్కువ వోల్టేజీకి వెళ్ళేవాళ్ళకి డ్యూటీ సైకిల్ పరిమితి కూడా తగులుతుంది. 6 నుంచి 50 వోల్టులకి వెళ్ళాలంటే 88 శాతం సేపు స్విచ్ ఆన్‌లో ఉండాలి. ఏఎమ్ రేడియోకి అడ్డం రాకూడదని కార్లలో చాలామంది 2.2 మెగాహెర్ట్జ్ వాడతారు. అప్పుడు ఒక సైకిల్ సుమారు 450 నానో సెకన్లే. అందులో చిప్‌కి కనీసం 100 నానో సెకన్లు ఆఫ్ టైమ్ కావాలంటే 78 శాతం దాటలేం. 400 కిలోహెర్ట్జ్‌కి దిగితే 96 శాతం దాకా దొరుకుతుంది. కాయిల్ పెద్దదవుతుంది, అంతే.

రక్షణ గురించి కొంచెం చెప్పి ముగిస్తాను. వోల్టేజీ ఒక గీత దాటగానే తెరుచుకుని అణచే టీవీఎస్ డయోడ్‌ని ఎంచుకోవడం ఇక్కడ ఇరుకు సందులో బండి తిప్పడం లాంటిది. 24 వోల్టుల జంప్ స్టార్ట్ 60 సెకన్లు వస్తుంది కాబట్టి 24 దగ్గర అది తెరుచుకోకూడదు, తెరుచుకుంటే వేడికి చస్తుంది. చిప్ 40 కాబట్టి అంతకు ముందే అణచాలి. ఎస్ఎమ్‌బీజే24ఏ అనే టీవీఎస్ డేటాషీట్‌లో క్లాంప్ వోల్టేజీ, అంటే అణచి ఉంచే వోల్టేజీ, 38.9 అని ఉంటుంది, చూడ్డానికి సరిపోయింది. కానీ దాని 600 వాట్లు ఒక మిల్లీ సెకను లెక్కన ఇచ్చిన రేటింగు. లోడ్ డంప్ 400 మిల్లీ సెకన్లు. ప్రమాణంలో 79 వోల్టుల పరీక్షకి సోర్స్ రెసిస్టెన్స్ 0.5 ఓము. 35 దగ్గర అణచాలంటే 44 వోల్టులు ఆ సగం ఓము మీద పడాలి, అంటే 88 ఆంపియర్లు. 35ని 88తో గుణిస్తే మొదటి క్షణంలో 3,000 వాట్లకి పైనే. ఎస్ఎమ్‌బీజే అక్కడికక్కడే షార్ట్ అవుతుంది. ఈ పని కోసం ఎస్ఎమ్8ఎస్24ఏ లాంటి పెద్ద డయోడ్లున్నాయి. దాని క్లాంప్ వోల్టేజీ కూడా 38.9 వోల్టులే, అయితే 170 ఆంపియర్ల దగ్గర. మార్జిన్ మాత్రం అదే ఒక్క వోల్టు. డయోడ్ వేడెక్కితే ఆ వోల్టేజీ ఇంకొంచెం పైకి జరుగుతుంది. అందుకని అణచని లోడ్ డంప్‌ని తట్టుకోవాల్సిన చోట నేను 60 వోల్టుల తరగతి చిప్పులకే ఓటేస్తాను. లేదంటే ఎగిరిన వోల్టేజీని ముందే ఆపే ఎల్‌టీ4363 లాంటి సర్జ్ స్టాపర్ ముందు పెట్టి, 40 వోల్టుల చిప్‌ని దాని వెనకాల దాచాలి.

డేటాషీట్‌లో ఉండే అబ్సల్యూట్ మాక్సిమమ్ అనే పట్టిక గురించి ఒక మాట. అది "ఇక్కడి దాకా పనిచేస్తాను" అనే హామీ కాదు. దాటితే పాడవుతాననే హెచ్చరిక. పనిచేసే పరిధి వేరే పట్టికలో ఉంటుంది. అలాగే కార్ల చిప్పులకి ఉండే ఏఈసీ-క్యూ100 ముద్ర. అది చిప్ తయారీ నాణ్యతకీ, మైనస్ 40 నుంచి 125 డిగ్రీల లాంటి ఉష్ణోగ్రతా శ్రేణికీ సంబంధించినది. లోడ్ డంప్‌ని తట్టుకుంటుందని ఆ ముద్ర చెప్పదు.

ప్రశ్నలు అడగండి.

హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో దొరికే చిన్న బూస్ట్ మాడ్యూళ్ళు కారులో పెట్టుకోవచ్చా అని అడిగారు. వాటి మీద ఎక్కువగా ఉండేవి ఎమ్‌టీ3608, ఎక్స్ఎల్6009. మొదటిదానికి ఇన్‌పుట్ 2 నుంచి 24 వోల్టులు. రెండోదానికి 5 నుంచి 32. ఇప్పటిదాకా చెప్పుకున్న అంకెల పక్కన పెట్టి చూడండి. మొదటిది జంప్ స్టార్ట్‌కే అంచు మీద నిలబడుతుంది. రెండోది అణచిన లోడ్ డంప్‌కి కూడా 3 వోల్టులు తక్కువ, సెల్ఫ్ కొట్టినప్పుడు 5 కిందికి దిగితే ఆగిపోతుంది. బెంచి మీద ప్రాజెక్టుకి రెండూ మంచివే. బండిలో అయితే వద్దు.

బస్సుల గురించి అక్కడెవరో అడిగారు. 24 వోల్టుల వ్యవస్థలో అణచని లోడ్ డంప్ 151 నుంచి 202 వోల్టుల దాకా ఉంటుంది. అణచినా 58 అని లెక్క వేసుకుంటారు. 40 వోల్టుల చిప్‌కి అక్కడ చోటు లేదు. ఏఐఎస్-140 అనే మన దేశ వాహన ప్రమాణం ప్రకారం బస్సులకీ టాక్సీలకీ పెట్టే ట్రాకింగ్ పరికరాలు చేసేవాళ్ళకి ఇది పెద్ద తలనొప్పి, ఎందుకంటే ఒకే పెట్టె 12లోనూ 24లోనూ పనిచేయాలని కొనేవాళ్ళు అడుగుతారు. కింద 12 వోల్టుల బండి సెల్ఫ్, పైన 24 వోల్టుల బస్సు లోడ్ డంప్, రెండూ ఒకే బోర్డు మీద. నన్నడిగితే ముందు 100 వోల్టుల తరగతి బక్ పెట్టి, లోపలున్న లిథియం సెల్ నుంచే బూస్ట్ చేయండి. సెల్ఫ్ తిరిగేటప్పుడు సెల్ ఆదుకుంటుంది, బ్యాటరీని 3 వోల్టుల దగ్గర పిండాల్సిన అవసరమే ఉండదు.

చివరి ప్రశ్న, లోడ్ డంప్ జనరేటర్ లాంటి ఖరీదైన యంత్రం లేకుండా కాలేజీ ల్యాబ్‌లో ఏం పరీక్షించగలమని. చాలా చేయొచ్చు. 12 వోల్టుల సప్లైని ఒక మాస్‌ఫెట్ గుండా, 3.5 వోల్టుల ఇంకో సప్లైని పెద్ద షాట్కీ గుండా ఒకే పాయింటుకి కలపండి. మాస్‌ఫెట్‌ని 15 మిల్లీ సెకన్లు ఆపితే సుమారు 3 వోల్టుల సెల్ఫ్ డిప్ మీ చేతిలో ఉన్నట్టే. ఆ రెండో సప్లై 20 ఆంపియర్లు ఇవ్వగలగాలి, అది మరవద్దు. లోడ్ పూర్తిగా పెట్టండి, సగం లోడ్‌తో పాసయ్యే పరీక్షకి విలువ లేదు. ఆసిలోస్కోప్‌లో ఒక ప్రోబ్ బ్యాటరీ వైపు కెపాసిటర్ మీద, రెండోది అవుట్‌పుట్ మీద, మూడోది చిప్ గేట్ సప్లై పిన్ను మీద పెట్టండి. చాలామంది మొదటి రెండే చూస్తారు. గేట్ సప్లై 4.5 కిందికి జారుతోందంటే మాస్‌ఫెట్ సగం తెరుచుకుంటోందని అర్థం, అవుట్‌పుట్ ఇంకా బాగానే కనిపిస్తున్నా సరే. తర్వాత పై వైపు: 35 వోల్టులు ఒక నిమిషం ఇచ్చి అవుట్‌పుట్ లైను మీదున్న ప్రతి పార్టు రేటింగునీ వరసగా సరిచూడండి, కెపాసిటర్ల దగ్గర మొదలుపెట్టి.